ఏసీ హాల్లో షామియానా

హైదరాబాద్,
9 అక్టోబర్ 2025

అత్తమ్మకు,

నీ మేనకోడలు దేవిక దండం పెట్టి రాస్తున్నది. ఫోన్ చేస్తే నీ చెవి మిషన్ కుయ్యిమంటుంది, మెసేజీ పెడితే అక్షరాలు ఆనడం లేదంటావు. అందుకే కాగితం తీశాను. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్లో ఉన్న అమ్మాయి నన్ను పైనుంచి కిందికి చూసింది.

విషయం ఏమిటంటే, మా ఆట ఎంపికైంది! నవంబర్‌లో హైటెక్ సిటీ దగ్గర కంప్యూటర్ ఆటల ఎగ్జిబిషన్ ఉంది. ఆటలు తయారుచేసేవాళ్లు దేశమంతటి నుంచి వస్తారు. వాటిని తీసుకుని ప్రపంచమంతా అమ్మే కంపెనీలవాళ్లు కూడా వస్తారు. పుస్తకం రాస్తే అచ్చువేసేవాళ్లు కావాలి కదా, మాకూ అట్లాగే. కొత్తవాళ్లలో చాలా కొద్దిమందికే చోటు దొరికింది. వాళ్లలో నేనూ, మన కౌడిపల్లి చంద్రకాంతూ ఉన్నాం. బొమ్మలు అతనివి, మిగతా తలనొప్పంతా నాది.

ఆట పేరు 'షామియానా'. ఆడేవాళ్లు ఒక టెంట్ హౌస్ నడపాలి. గుంజలు పాతాలి, తాళ్లు బిగించాలి, కుర్చీలు సరిపోవాలి. ఇంతలో వాన వస్తుంది, కరెంటు పోతుంది, మగపెళ్లివారు అలుగుతారు. ఈ సంగతి బాపుకు మాత్రం చెప్పకు. ఇంత చదివించింది మళ్లీ నా టెంట్ హౌస్ సామాను మీద పడడానికా అంటాడు.

బాపు పెట్టిన షరతు నీకు తెలిసిందే. ఉద్యోగం మానేసినప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడడు. పోయినసారి వచ్చినప్పుడు, "ఒక్క ఎగ్జిబిషన్. గంతే. గాడ నీ ఆట ఎవలన్న అడిగిండ్రా, అప్పుడు సూద్దాం. అడగలేదా, సప్పుడు జెయ్యక మల్ల నౌకరికి పో" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. పాత ఆఫీసువాళ్లు నవంబర్ ఆఖరుదాకా నా సీటు ఉంచుతామన్నారు. నాకు ఆ సీటు వద్దు అత్తమ్మా. నాకు ఆటలు చేయాలని ఉంది, అంతకన్నా ఏమీ లేదు.

మా బూతుకు జనం బాగా రావాలని ఏడుపాయల అమ్మకు మొక్కు.

నీ దేవిక

—

మెదక్,
15 అక్టోబర్ 2025

చిరంజీవి మొండిఘటానికి,

అత్తమ్మ దీవెనలు, దాని వెంటనే చీవాట్లు.

బడిలో ఇన్నేళ్లు తెలుగు చెప్పినదాని మేనకోడలివి. 'మా బూతుకు జనం బాగా రావాలి' అని రాస్తావా? నేను ఉత్తరాన్ని మీ అమ్మ సువర్ణకు గట్టిగా చదివి వినిపిస్తున్నానని నీకేం తెలుసు! ఆ వాక్యం రాగానే మీ అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది. కంప్యూటర్లో ఎలాంటి ఆటలు చేస్తున్నావో అని రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. పైగా అమ్మవారికి మొక్కమంటివి! ఏమని మొక్కాలి? చివరకు పక్కింటి మార్తమ్మ కొడుకును పిలిచి అడిగితే, ఎగ్జిబిషన్‌లో ఇచ్చే చోటును ఇంగ్లీషులో అట్లా అంటారని చెప్పాడు. అయితే 'త'కు పొల్లు పెట్టాలి కదే! పొల్లు పోతే పరువు పోతుంది. ఇక ఆ మాటే రాయకు, శుభ్రంగా 'స్టాల్' అని రాయి.

మీ బాపుకు ఎగ్జిబిషన్ అన్నంతవరకే చెప్పాను. తమ్ముడు గోదాములో కుర్చీలు కడిగిస్తున్నాడు. తల ఎత్తకుండానే, "ఎగ్జిబిషన్ అంటె నాకు తెల్వదా అక్క? వయసుల ఉన్నప్పుడు నాంపల్లిల స్టాళ్లకు కప్పులు కట్టినోన్ని" అన్నాడు. సాయంత్రం తనే వచ్చి, "ఎంత జాగ ఇచ్చిండ్రట?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. కాబట్టి వివరంగా రాయి. నువ్వు రాస్తే నేను చదువుతాను, నేను చదివితే వాడు విననట్టు వింటాడు.

ఇక్కడ వానలు తగ్గాయి. కార్తీకంలో ముహూర్తాలు ఉన్నాయి కాబట్టి మీ బాపుకు ఊపిరి ఆడడం లేదు. వేళకు తిను.

నీ అత్తమ్మ
బాలలక్ష్మి

—

హైదరాబాద్,
24 అక్టోబర్ 2025

అత్తమ్మా, పొల్లుకు పొర్లుదండాలు!

చంద్రకాంత్‌కు నీ ఉత్తరం చూపించాను. నవ్వీ నవ్వీ కుర్చీలోంచి పడ్డాడు. ఇకమీదట స్టాల్ అనే రాస్తాను.

నిన్న ఎగ్జిబిషన్‌వాళ్లు పిలిచి, స్టాళ్లు ఎట్లా కడతారో కంప్యూటర్లో నమూనా చూపించారు. అత్తమ్మా, నిజం చెప్పనా? చూడగానే ఏడుపొచ్చింది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. మూడు వైపులా ప్లైవుడ్ చెక్కలు, ఒక టేబుల్, రెండు కుర్చీలు. పైన కప్పు కూడా లేదు. మా పక్కనే పెద్ద కంపెనీవాళ్ల స్టాల్. వాళ్లది మన ఫంక్షన్ హాలంత ఉంది. గోడంత టీవీలు, రంగురంగుల లైట్లు, గుమ్మంలో మనిషంత ఎత్తు రాక్షసుడి బొమ్మ. జనం దాన్ని చూస్తూ మమ్మల్ని దాటి వెళ్లిపోతారు. మేము ఆ బోడి టేబుల్ దగ్గర కూర్చుని, రండి రండి అని పిలవాలి.

ఆట బాగుందని నాకు నమ్మకం ఉంది. కానీ కూర్చుని ఆడితే కదా తెలిసేది! ఎవరూ కూర్చోకపోతే? బాపు అనుకున్నదే నిజమైతే? ఇవన్నీ బాపుకు చదవకు. స్టాల్ ఎట్లా ఉందో అంతవరకే చదువు.

ఎగ్జిబిషన్ ఆరో తారీఖున మొదలు. ఐదో తారీఖు పొద్దున సామాను సర్దుకోమన్నారు. మా సామానంటే రెండు కంప్యూటర్లు, ఒక పోస్టరు.

నీ దేవిక

—

మెదక్,
30 అక్టోబర్ 2025

దేవికకు,

ధైర్యం ఇక్కడి నుంచి పంపిస్తున్నాను, అందగానే వాడుకో.

నువ్వు చదవమన్నంతవరకే మీ బాపుకు చదివాను. 'పైన కప్పు కూడా లేదు' అన్న దగ్గర ఆపించాడు. "మల్ల సదువు" అన్నాడు. మళ్లీ చదివాను. "కప్పు లేదా? ఆడపిల్లను ఎండల కూసోవెడ్తరా? వానొస్తె కంప్యూటర్లు ఏంగావాలె? గా పెద్ద కంపెనోడు మాత్రం మంచిగ కట్టుకున్నడు!" అని ఇంతెత్తున లేచాడు. నువ్వేదో పంతానికి పోయి ఎండలో కూర్చుంటున్నావని నాకూ కోపం వచ్చింది. టోపీ పెట్టుకో. మజ్జిగ తాగుతూ ఉండు.

తరువాత వాడు గోదాములోకి వెళ్లి, ఇంకా ఎవరికీ ఇవ్వని కొత్త బట్ట తీశాడు. ఎరుపూ పసుపూ, అంచుకు అద్దాలు. వాకిట్లో ఆరవేసి, అందులో ఒక చిన్న ముక్క దర్జీతో కుట్టిస్తున్నాడు. కుల్చారంలో ఏదో పెళ్లి ఉందన్నారు, దానికే అయి ఉంటుంది. కూతురు ఎండలో కూర్చుంటుందని తెలిసి కూడా ఎవరి పెళ్లికో కొత్త బట్ట తీస్తున్నాడు చూడు! నాకు మనసు చివుక్కుమంది. అడిగితే కసురుకున్నాడు. నేనూ కసిరాను.

మీ అమ్మ మొక్కింది. ఏమని మొక్కిందో నేను అడగలేదు.

నీ అత్తమ్మ
బాలలక్ష్మి

—

హైదరాబాద్,
10 నవంబర్ 2025

అత్తమ్మా, అత్తమ్మా, అత్తమ్మా!

గెలిచాం! ముందు ఆ మాట రాసేస్తే మిగతాది నిమ్మళంగా చెప్పగలను. ఆ కొత్త బట్ట కుల్చారం పెళ్లికి కాదు.

ఐదో తారీఖు పొద్దున మేము పోస్టరు అతికిస్తున్నాం. సామాను తెచ్చే గేటు దగ్గర గొడవ వినిపించింది. గొంతు గుర్తుపట్టి పరుగెత్తాను. బాపు! మన ఏస్ ట్రాలీ బండి నిండా షామియానా, పైపులు, ఎర్ర కుర్చీలు, తివాచీ. సెక్యూరిటీ అతను ఆపుతుంటే, "స్టాల్ నంబర్ నలబై రెండు నా బిడ్డది. ఎండ వడకముందే కట్టాలె, జరుగు" అంటున్నాడు.

లోపలికి తీసుకొచ్చాం. ఎగ్జిబిషన్ చూసే మేడమ్ వచ్చి మర్యాదగానే అడిగింది: "ఇది ఏసీ హాల్ కదండీ, లోపల షామియానా ఎందుకు?" బాపు పైకి చూశాడు. అంత ఎత్తున రేకుల కప్పు, వరుసగా లైట్లు. చుట్టూ జీన్స్ వేసుకున్న పిల్లలు ఫోన్లు తీసి వీడియోలు తీస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. నువ్వు స్టాల్ అని రాయమన్నావు, నేను కప్పు లేదని రాశాను, ఆయన నాంపల్లి మైదానం అనుకున్నాడు. "నేనేందో అనుకున్న బిడ్డ. తీస్కపోత తియ్యి" అని తాడు మళ్లీ చుట్టడం మొదలుపెట్టాడు. బాపు అంత మెల్లగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు చంద్రకాంత్ నా చెవిలో, "మన ఆట పేరేంది?" అన్నాడు.

నేను అరిచాను అత్తమ్మా. "కట్టు బాపు!" అని అరిచాను. మేడమ్‌ను బతిమాలాను. చెక్కల ఎత్తు దాటకూడదు, సీరియల్ లైట్లు పెట్టకూడదు అని చెప్పి ఒప్పుకుంది. బాపు చెప్పులు పక్కన విడిచి పని మొదలుపెట్టాడు. కడుతున్నప్పుడే పక్క స్టాళ్లవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఎరుపూ పసుపూ కప్పు, అద్దాల అంచు, కింద తివాచీ, ఎర్ర కుర్చీలు. రాక్షసుడి బొమ్మ దగ్గరున్న కుర్రాళ్లు కూడా మా షామియానా కింద నిలబడి ఫొటోలు దిగారు.

మరునాడు జనం మా దగ్గర ఎట్లా ఎగబడ్డారో చెప్తే నమ్మవు. బాపు ఇంటికి పోలేదు. గుమ్మంలో పన్నీరు బుడ్డి పట్టుకుని నిలబడ్డాడు. వచ్చిన ప్రతివాళ్ల మీదా చల్లి, "రాండ్రి రాండ్రి, కూసోండ్రి, ఆడి పోండ్రి" అన్నాడు. ఎవరైనా ఆడకుండా పోతుంటే, "అయ్యో, ముట్టకుండనె పోతుండ్రు" అని చేయి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడు. పెళ్లికి వచ్చినవాళ్లను తినకుండా పంపనట్టే.

ఆట దేనిమీదో అప్పటిదాకా ఆయనకు తెలియదు. మధ్యాహ్నం ఒక పాప ఆడుతుంటే తెరమీద తాళ్లు లాగేటప్పుడు "గుంజు! గుంజు! వదలకు!" అని గొంతు వినిపించింది. బాపు పన్నీరు చల్లడం ఆపాడు. "గది నా గొంతు గాదె?" అన్నాడు. అవునన్నాను. ఆయనకు తెలియకుండా ఎప్పుడో ఫోన్‌లో రికార్డు చేశాను. తిడతాడని తల దించుకున్నాను. ఆయన తెరకు దగ్గరగా వచ్చి గోదాము చూశాడు, ఏస్ బండి చూశాడు, భుజాన తువ్వాల వేసుకున్న ఆ బొమ్మ మనిషిని చూశాడు. కండ్లు తుడుచుకుని, "జర నాకియ్యి" అని పాప పక్కన కూర్చున్నాడు.

మొదటి పెళ్లిలోనే షామియానా కూలిపోయింది! కుర్చీలు చాలలేదు, మగపెళ్లివారు అలిగి బస్సెక్కారు. "గీ పిల్ల తండ్రి తిక్కలోడున్నడు. రెండు వందల మంది అని చెప్పి ఐదు వందల మందిని పిల్సిండు. గసొంటోళ్లు మస్తుమంది ఉంటరు" అని బాపు తెరమీది మనిషిని తిడుతూ మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ కూలింది. వెనక లైను పెరిగిపోతున్నా లేవలేదు. లైనులో ఉన్నవాళ్లే "అంకుల్, కుర్చీలు ముందు దించండి!" అని అరవడం మొదలుపెట్టారు. నాలుగోసారి షామియానా నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్లు వేసిన ఈలలకు పక్క కంపెనీ మేనేజరు వచ్చి తొంగి చూశాడు.

ఆ లైనులోనే సింగపూర్ నుంచి వచ్చిన ఒకామె ఉంది. ఆటలను ప్రపంచమంతా అమ్మే కంపెనీలో పెద్ద మనిషి. బాపు ఆమెమీద కూడా పన్నీరు చల్లాడు! ఆమె కూర్చుని గంట దాటి ఆడింది. మరునాడు తన వాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. మా ఆటను వాళ్లే తీసుకుంటామన్నారు. కాగితాలు నెలాఖరుకు పంపిస్తారట.

చివరి రోజు, వచ్చిన జనమంతా ఓటు వేసిన బహుమతికి స్టేజి మీద 'షామియానా' అని పిలిచారు. బాపే మా ఇద్దరినీ ముందుకు నెట్టాడు. ఆ బహుమతితో పాటు ఫిబ్రవరి ఆఖరున బెంగళూరులో జరిగే ఇంకా పెద్ద ఎగ్జిబిషన్‌లో స్టాల్ కూడా ఇస్తారు. బాపు తారీఖులు అడిగాడు, చెప్పాను.

కానీ అత్తమ్మా, షరతు గురించి ఒక్క మాట అనలేదు. అన్నీ విప్పి, బండికి ఎక్కించి, "తిని పండుకో" అని వెళ్లిపోయాడు. సరే అన్నట్టా, కాదన్నట్టా? నవంబర్ ఆఖరుకు పాత ఆఫీసుకు జవాబు చెప్పాలి. ఆయన నోటితో వినాలని ఉంది. కొంచెం కనుక్కో.

ఎగురుతున్న నీ దేవిక

—

మెదక్,
20 నవంబర్ 2025

నా బంగారు కోడలికి,

నీ ఉత్తరం చదివి నేనూ మీ అమ్మా కూర్చుని ఏడ్చాం. తరువాత నవ్వాం. మార్తమ్మకు చదివి వినిపించి మళ్లీ ఏడ్చాం. నువ్వు గెలిచావు, నాకు చాలా గర్వంగా ఉంది. ఇది ఉత్తరం కాబట్టి రాస్తున్నాను, ఎదురుగా ఉంటే చెప్పేదాన్ని కాదు.

మీ బాపును ఏం జరిగిందని అడిగితే, "ఏసీ మస్తుగున్నది" అన్నాడు. అంతే!

ఇక అసలు సంగతి. ఇది రాయడానికి చేయి రావడం లేదు. మొన్న దుకాణం వెనక గదిలో ఉన్నాను. వాడు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నా చెవి సంగతి నీకు తెలుసు, సగమే వినిపించింది. కానీ ఈ మాటలు మాత్రం స్పష్టంగా విన్నాను: "దేవికది ఖాయమైంది. ఫిబ్రవరి ఆఖర్ల. ఇగ మారదు." అంటే నిన్ను అడగకుండానే ఆ పాత ఆఫీసువాళ్లతో మాట్లాడి, చేరే తారీఖు కూడా పెట్టేశాడన్నమాట! బెంగళూరుకు పోకుండా సరిగ్గా ఆ రోజులే చూసి పెట్టాడు. అంత పన్నీరు చల్లి చివరికి ఇదా?

నేను వాడితో మాట మానేశాను. మూడు పూటలుగా కూర కూడా పంపలేదు. నువ్వు ఏం చేయాలో నువ్వే ఆలోచించుకో. ఏం చేసినా ఈ అత్తమ్మ నీ వైపే.

బాలలక్ష్మి

—

హైదరాబాద్,
28 నవంబర్ 2025

అత్తమ్మకు,

నీ ఉత్తరం అందింది. నాకు కోపం కంటే బాధ ఎక్కువైంది. తెరముందు కూర్చుని కండ్లు తుడుచుకున్న మనిషి ఇట్లా చేస్తాడా అని ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

ఇవాళ పాత ఆఫీసుకు రానని రాసేశాను. సింగపూర్ కాగితాలు వచ్చాయి, సంతకం పెట్టాను. బాపు 'అప్పుడు సూద్దాం' అన్నాడు, ఆయన చూసేదాకా ఆగలేదు. ఈ తప్పు నాదే, కానీ మళ్లీ అడిగినా ఇదే చేస్తాను. ఫిబ్రవరిలో బెంగళూరు పోతున్నాం. బోడి టేబులైనా సరే, ఈసారి జనాన్ని నేనే చేయి పట్టుకుని కూర్చోబెడతాను.

బాపుకు ఫోన్ చేసి చెప్పడానికి నోరు రావడం లేదు. నువ్వే చెప్పు. తిడితే తిట్టినట్టే నాకు రాయి, ఒక్క మాట కూడా తగ్గించకు.

దేవిక

—

మెదక్,
9 డిసెంబర్ 2025

చిరంజీవి సౌభాగ్యవతి కాబోయే దేవికకు,

ఆ మాట నేను అనడం లేదు, మెదక్ పట్నమంతా అంటున్నది. నీకు పెళ్లి కుదిరిందట!

నాలుగు రోజులుగా ఇంటికి జనం. వెనకింటి బాలనర్సమ్మ మిఠాయి డబ్బాతో వచ్చింది. మార్తమ్మ, "పిల్లగాడు ఏ ఊరు? నాతోని గూడ దాస్తవా?" అని నిష్ఠూరమాడింది. మీ అమ్మ ముఖం చూస్తే తనకూ తెలియదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఉద్యోగం చాలక పెళ్లి కూడా కుదిర్చాడా అని, మాట మానేసిన సంగతి కూడా మరిచిపోయి నేరుగా దుకాణంలోకి వెళ్లాను.

"ఎల్లం తమ్మీ! పిల్లను అడగకుండ పెండ్లి గూడ ఖాయం జేసినవా?" అన్నాను.

"ఎవల పెండ్లి?" అన్నాడు.

అప్పుడు బయటపడింది. నర్సాపూర్ మదన్ మోహన్ గారి కొడుకు పెళ్లి ఫిబ్రవరి ఆఖరున. ఇప్పుడు మూఢం నడుస్తున్నది కదా, అది పోయాక వచ్చే మొదటి ముహూర్తాలు. ఆ రోజుల్లో టెంట్ హౌస్‌వాళ్లకు కాళ్లు నేలమీద ఆనవు. మదన్ మోహన్ గారు అద్దాల షామియానాతో సహా మొత్తం సామాను కావాలని అడిగితే, వీడు ఏమన్నాడో తెలుసా? "గా తారీఖులల్ల సామాను లేదు సార్. మా దేవికది ఖాయమైంది. ఫిబ్రవరి ఆఖర్ల. ఇగ మారదు." టెంట్ హౌస్ మనిషి బిడ్డది ఖాయమైందంటే ఎవరైనా ఏమనుకుంటారు? ఆయన సంతోషపడి, కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చాడు, అది మెల్లగా మెదక్ దాకా చేరింది. నేను వెనక గదిలో విన్నది ఆ ఫోనే. పాత ఆఫీసూ లేదు, ఏమీ లేదు. నా చెవిని కోసి ఉప్పూకారం పెట్టాలి.

"పెండ్లి గాదని చెప్పద్దారా?" అన్నాను.

"ఎందుకు చెప్పాలె? నేను పెండ్లి అన్ననా? మదన్ మోహన్ సారు కొడుక్కి ఇంకో టెంట్ హౌస్ దొర్కుతది. బెంగళూరుల నా బిడ్డకు నేను గాక ఎవలు కడ్తరు?"

నువ్వు ఇంతకాలం ఎదురుచూసిన జవాబు అక్కడ కుర్చీల మధ్య నిలబడి చెప్పాడు. అయినా నాకు తృప్తి కలగలేదు. నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పేశాను. పాత ఆఫీసుకు రానని రాసింది, తండ్రిని అడగకుండానే సంతకం పెట్టింది, తిడితే ఒక్క మాట తగ్గించకుండా రాయమన్నది అన్నాను.

ఒక్క మాట కూడా తగ్గించకుండా రాస్తున్నాను. తాడు చుట్టడం ఆపకుండా, "దానికి నౌకరికి తీరికేడిది అక్క?" అన్నాడు.

నీ అత్తమ్మ
బాలలక్ష్మి